సన్నటి ఏళ్లలో అడవి ట్రౌట్: షెనాండోవా కొండల్లో ఫ్లై ఫిషింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తర వర్జీనియాలో మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. యాష్‌బర్న్ నుంచో హెర్న్‌డన్ నుంచో బయల్దేరితే రెండు గంటల్లోపే షెనాండోవా నేషనల్ పార్కు చేరుకోవచ్చు. అక్టోబరులో ఆకుల రంగులు చూడ్డానికి అందరం వెళ్తాం, స్కైలైన్ డ్రైవ్ మీద కారాపి ఫోటోలు దిగుతాం, వచ్చేస్తాం. ఆ రోడ్డుకు దిగువన, లోయల్లో పారే ఏళ్లలో ఎవరూ తెచ్చి వదలకుండా వాటంతటవే పుట్టి పెరిగే బ్రూక్ ట్రౌట్ అనే చలినీటి చేపలున్నాయని చాలామందికి తెలియదు. నేను వాటి వెంట తిరుగుతానని తెలిసిన స్నేహితులు, వాళ్ల ఇళ్లకు ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు అడిగే ప్రశ్నలివి.

ఫ్లై ఫిషింగ్ అంటే ఏమిటి? మన గాలానికీ దీనికీ తేడా ఏంటి?

మన గాలంలో బరువంతా కొసన ఉంటుంది. ఎర, సీసపు గుండు, బెండు కలిసి దారాన్ని లాక్కెళ్తాయి. ఇక్కడ లెక్క తలకిందులు. ఫ్లై అంటే చిన్న గాలానికి ఈకలు, బొచ్చు, దారం చుట్టి పురుగులా తయారుచేసిన బొమ్మ. ఊదితే ఎగిరిపోయేంత తేలిక కాబట్టి దాన్ని విసరడం కుదరదు. అందుకని బరువును లైన్ అనే లావుపాటి దారంలోనే పెట్టారు. రాడ్‌ని వెనక్కీ ముందుకీ ఆడిస్తే లైన్ గాలిలో చుట్ట విప్పుకుంటూ సాగి, కొసనున్న ఫ్లైని మెల్లగా నీటి మీద దింపుతుంది. లైన్‌కీ ఫ్లైకీ మధ్య లీడర్ అనే సన్నబడుతూ పోయే నైలాన్ దారం, దాని చివర ఇంకా సన్నటి టిప్పెట్ ఉంటాయి.

వానపాము, పిండిముద్ద లాంటివేవీ వాడం. పార్కులో అలాంటి నిజమైన ఎరే నిషిద్ధం. ఒకే ముల్లు ఉన్న గాలంతో కృత్రిమ ఎర మాత్రమే వాడాలి.

పట్టి వదిలేసేదానికి ఇంత కష్టం దేనికండీ?

అందరికంటే ముందు అమ్మానాన్నలు అడిగేది ఇదే. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే గడ్డ నుంచి వచ్చినవాళ్లు కదా, అడక్కపోతేనే ఆశ్చర్యం.

చేప కోసమే అయితే కాస్ట్‌కోకి వెళ్లడం తేలిక. ఇక్కడ దొరికేది వేరు. వారమంతా మీటింగులు, డెడ్‌లైన్లు, వీసా స్టాంపింగ్ టెన్షన్లతో నిండిన బుర్రకి ఏరు ఒకే ఒక్క పని ఇస్తుంది: ఎదురుగా ఉన్న నాలుగు గజాల నీటిని చూడు. నురగ ఎటు పోతోంది? ఆ రాయి వెనక నీళ్లు ఎందుకు నిదానంగా తిరుగుతున్నాయి? ఆ కొమ్మ కింద ఇప్పుడు కదిలింది నీడా, చేపా? పది నిమిషాలు అలా చూశాక ఫోన్ గుర్తే రాదు. వచ్చినా లాభం లేదు, లోయల్లో సిగ్నల్ ఉండదు.

తర్వాత ఆ క్షణం. ఫ్లై నురగ అంచున పడుతుంది, మూడడుగులు తేలుతుంది, ఇంకేం లేదులే అనుకునేలోపు అడుగు నుంచి ఒక నారింజ మెరుపు పైకొచ్చి చప్ మని మింగేస్తుంది. మీరు పెట్టిన బొమ్మను ఒక అడవి ప్రాణి నిజమైన పురుగని నమ్మింది. నా మటుకు నాకు ఆనందమంతా అక్కడే ఉంది. ఆ తర్వాత చేప చేతికి వచ్చినా, మధ్యలో తప్పించుకుపోయినా పెద్ద తేడా తెలియదు.

ఎంత పెద్ద చేపలు పడతాయి?

ఎక్కువగా ఆరేడు అంగుళాలు. తొమ్మిది అంగుళాలది పడితే ఆ రోజు రాజాది. పది దాటితే ఫోటో తీసుకోండి, లేకపోతే ఎవరూ నమ్మరు.

కొండ ఏళ్లలో ఆహారం తక్కువ, చలి ఎక్కువ. వరదలు, కరువులు తప్పవు. చాలా చేపలు మూడేళ్లకు మించి బతకవు. కిలోల లెక్కలో కొర్రమీను పట్టినవాళ్లకు ఇది నవ్వులాటగా ఉంటుంది, ఉండనివ్వండి. అంతటి చలినీళ్లలో అంత గట్టి ప్రాణం మూడు వెయిట్ రాడ్‌ని (తేలికపాటి లైన్‌కి సరిపడే సన్నటి రాడ్) వంచుతుంటే చేతికి ఏమీ తక్కువ అనిపించదు.

అయితే పెద్ద నదులకో, చేపలు తెచ్చి వదిలే చోట్లకో వెళ్లొచ్చుగా?

వెళ్లొచ్చు. రాష్ట్రం వారు హేచరీల్లో పెంచిన ట్రౌట్‌ని చాలా ఏళ్లలో వదులుతారు. పిల్లలకి మొదటిసారి చేప పట్టిన సరదా చూపించాలంటే అవే మేలు. కానీ తొట్టిలో గుళికలు తిని పెరిగిన చేపకీ, ఈ లోయలోనే తాతముత్తాతల కాలం నుంచి ఉన్న చేపకీ చాలా తేడా ఉంది. మొదటిది ట్రక్కులో వచ్చింది. రెండోది ఈ నీళ్లలోనే ఒక శరత్కాలంలో గులకరాళ్ల మధ్య గుడ్డుగా పడి, చలికాలమంతా ఆ రాళ్ల కిందే ఉండి, వసంతానికి పైకొచ్చింది.

చిన్న ఏటిలో ఇంకో సుఖం ఉంది. మొత్తం మన చూపుకి అందుతుంది. పెద్ద నదిలో చేప ఎక్కడుందో ఊహించడానికే ఏళ్లు పడుతుంది. ఇక్కడ మడుగు మన డ్రాయింగ్ రూమంత. చేప ఉండగల చోట్లు రెండో మూడో ఉంటాయి. అక్కడ లేకపోతే పది అడుగులు ఎక్కితే ఇంకో మడుగు. ఒకచోట కూర్చుని ఎదురుచూడటం కాదు, రోజంతా ఏటికి ఎదురెక్కుతూ నడవడమే. సగం హైకింగ్, సగం వేట.

బ్రూక్ ట్రౌట్‌ని ఎలా గుర్తుపట్టాలి?

వర్జీనియాలో ఆది నుంచీ ఉన్న ట్రౌట్ ఇదొక్కటే. బ్రౌన్ ట్రౌట్ యూరప్ నుంచి 1880లలో అమెరికాకు వచ్చింది, రెయిన్‌బో ట్రౌట్ దేశపు పడమటి తీరం నుంచి తెచ్చినది. బ్రూక్ ట్రౌట్‌ని శాస్త్రవేత్తలు ట్రౌట్‌కి దగ్గరి చుట్టమైన చార్ అనే చేపల గుంపులో కలుపుతారు. 1993లో వర్జీనియా దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది.

చెయ్యి తడిపి పట్టుకుని, నీటి మట్టంలోనే ఉంచి చూడండి. వీపు ముదురు ఆకుపచ్చ, దాని మీద మెలికలు తిరిగిన లేత గీతలు. పక్కన పసుపు చుక్కలు, వాటి మధ్య అక్కడక్కడ ఎర్ర చుక్క, ప్రతి ఎర్ర చుక్క చుట్టూ నీలం వలయం. కింది రెక్కలు నారింజ రంగు, వాటి ముందంచున తెల్లటి గీత, దాని వెనకే నల్ల గీత. ఏట్లో ఉన్నప్పుడు మొదట మీకు కనిపించేది ఆ తెల్ల గీతే. అక్టోబరులో మగ చేప పొట్ట నిప్పు రంగుకు తిరుగుతుంది. పొలుసులు ఎంత చిన్నవంటే చేప ఒంటిమీద అసలు లేనట్టే ఉంటాయి.

అయిదారు సెకన్లు చాలు. తర్వాత వదిలేయండి.

ఎక్కడికి వెళ్లాలి?

మొదటిసారి అయితే నా ఓటు రాపిడాన్ నదికి. దాని వెనక ఒక కథ కూడా ఉంది. 1929లో హెర్బర్ట్ హూవర్ అధ్యక్షుడయ్యాక వారాంతాల్లో వాషింగ్టన్ నుంచి పారిపోవడానికి ఒక చోటు కావాలనుకున్నాడు. షరతులు మూడు: ఊరికి వంద మైళ్ల లోపు ఉండాలి, దోమలు రానంత ఎత్తులో ఉండాలి, ట్రౌట్ ఉన్న ఏరు ఉండాలి. మిల్ ప్రాంగ్, లారెల్ ప్రాంగ్ అనే రెండు పాయలు కలిసి రాపిడాన్ అయ్యే చోట సొంత డబ్బుతో స్థలం కొన్నాడు. ఆ ఏడాది అక్టోబరులో బ్రిటన్ ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్ అక్కడికి వస్తే, ఇద్దరూ ఏటి ఒడ్డున ఒక దుంగ మీద కూర్చుని యుద్ధనౌకల తగ్గింపు గురించి మాట్లాడుకున్నారు. పదవి దిగిపోయాక హూవర్ ఆ చోటును పార్కుకే ఇచ్చేశాడు. అప్పటి చెక్క ఇళ్లలో మూడు ఇప్పటికీ ఉన్నాయి. స్కైలైన్ డ్రైవ్ మీద మైలం గ్యాప్ దగ్గర కారు పెట్టి మిల్ ప్రాంగ్ ట్రైల్ పట్టుకుని దిగితే రెండు మైళ్లు. దిగువ నుంచి రావాలంటే గ్రేవ్స్ మిల్ వైపు దారి. పార్కులో ఉన్న రాపిడాన్‌లో పట్టిన ప్రతి చేపనూ వదిలేయాల్సిందే.

హ్యూస్ నది ఇంకో రకం. నికల్సన్ హాలో అనే లోయలో ఏటి పక్కనే నడుస్తుంటే రాతి గోడలు కనిపిస్తాయి. ఒకప్పుడు అక్కడ ఊళ్లుండేవి. 1930లలో పార్కు కోసం వందల కుటుంబాలను ఖాళీ చేయించారు. జార్జ్ కార్బిన్ అనే ఆయన 1910లో కట్టుకున్న చెక్క ఇల్లు మాత్రం ఏటి ఒడ్డున నిలిచే ఉంది. పోలవరం ముంపు ఊళ్ల గురించి విన్నవాళ్లెవరికైనా ఆ గోడల దగ్గర కాళ్లు కాసేపు ఆగుతాయి.

రోజ్ నది, పడమటి వైపు జెరెమీస్ రన్ కూడా బాగుంటాయి. ఓల్డ్ రాగ్ కొండ వైపు నుంచి వెళ్లేవాళ్లు అక్కడి డే టికెట్ నిబంధన ముందే చూసుకోండి.

లైసెన్సు కావాలా?

కావాలి. పదహారేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ వర్జీనియా మంచినీటి ఫిషింగ్ లైసెన్సు ఉండాలి. డిపార్ట్‌మెంట్ ఆఫ్ వైల్డ్‌లైఫ్ రిసోర్సెస్ సైటులో ఐదు నిమిషాల పని. చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలు రాడ్ పట్టుకుంటారంటే వాళ్లకూ తీసుకోండి. చేపలు తెచ్చి వదిలే ఏళ్లకు విడిగా ట్రౌట్ లైసెన్సు ఉంటుంది, ఇక్కడ దాంతో పని లేదు. పార్కు ప్రవేశ రుసుము వేరే.

ఏమేం కొనాలి? చాలా ఖర్చంట కదా?

అమ్మేవాళ్లు అలాగే చెప్తారు. ఏడడుగుల మూడు వెయిట్ రాడ్, దానికి సరిపడే రీల్, తేలే లైన్ కలిపి సెట్‌గా రెండొందల డాలర్ల లోపు దొరుకుతాయి. ఏడున్నర అడుగుల లీడర్, 5ఎక్స్ (సన్నదనం కొలత) టిప్పెట్ ఒక చుట్ట, గాలం ఊడదీయడానికి చిన్న ఫోర్సెప్స్, డజను ఫ్లైలు ఉంటే చాలు. ఛాతీ దాకా వచ్చే వేడర్లు (నీళ్లు చొరని ప్యాంట్లు) వద్దు, ఏరు మోకాలు దాటదు. ఎండాకాలం పాత ప్యాంటూ, పట్టున్న బూట్లూ వేసుకుని దిగండి. రీల్ మీద డబ్బు తగలేయొద్దు. ఏడంగుళాల చేప మీ రీల్‌ని ఒక్క చుట్టు కూడా తిప్పదు.

రీలే వద్దనుకుంటే జపాన్ కొండ ఏళ్ల పద్ధతి తెన్‌కారా ఉంది. పొడవాటి రాడ్ కొసకే దారం కట్టేస్తారు. ఈ ఏళ్లకు అతికినట్టు సరిపోతుంది.

బూట్ల అడుగున ఫెల్ట్ ఉన్నవి కొనేముందు ఆలోచించండి. ఆ తడి గుడ్డలో ఒక ఏటి నాచు ఇంకో ఏటికి చేరుతుందని పక్కనున్న మేరీల్యాండ్ వాటిని నిషేధించింది.

చుట్టూ చెట్లే. అంత పొడుగు లైన్ ఎలా విసరాలి?

సినిమాల్లో చూసినట్టు ఆకాశంలో సున్నాలు చుట్టక్కర్లేదు. చుడితే ఫ్లై చెట్టెక్కుతుంది. ఇక్కడ పదిహేనడుగులు దాటి విసరాల్సిన అవసరమే అరుదు. రాడ్ బయట లైన్ కొద్దిగానే ఉంచి, మణికట్టు కదిపీ కదపనట్టు కదిపితే చాలు.

మరీ ఇరుకైన చోట బాణం వేసినట్టు వేస్తారు. ఎడమ చేతి వేళ్లతో ఫ్లైని గాలం వంపు దగ్గర పట్టుకుని (మొన గుచ్చుకోకుండా చూసుకోండి) వెనక్కి లాగండి. రాడ్ విల్లులా వంగుతుంది. గురి చూసి వదిలేయండి. కొమ్మల సందులోంచి ఫ్లై సూటిగా వెళ్లి పడుతుంది. పదేళ్ల పిల్లలకి ఇది పావుగంటలో వస్తుంది, పెద్దవాళ్లకి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది.

మొదలుపెట్టేవారికి ఆర్విస్ వంటి దుకాణాలు ఉచితంగా ప్రాథమిక పాఠాలు చెప్తాయి. ఒక ఉదయం వెళ్లి రండి.

వెళ్లేసరికి చేపలన్నీ మాయం. ఎందుకు?

అవి మిమ్మల్ని ముందే చూశాయి. మొత్తం విద్యలో ముఖ్యమైన భాగం ఇదే, కాస్టింగ్, అంటే లైన్ విసరడం, తర్వాతి మాట.

ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా నిలబడుతుంది. బస్టాండులో బస్సు వచ్చే వైపే చూస్తూ నిలబడ్డ ప్రయాణికుడి తీరు. తిండి అటునుంచే వస్తుంది మరి. దాని వెనక, అంటే దిగువన, చూపు ఆనని చోటుంటుంది. కాబట్టి ఎప్పుడూ దిగువ నుంచి ఎగువకి నడవండి. మడుగు చేరేముందే వంగండి, అవసరమైతే మోకాళ్ల మీద నడవండి. బండరాళ్ల చాటు వాడుకోండి. ముదురు రంగు బట్టలు మేలు. మీ నీడ నీళ్ల మీద పడిందంటే ఆ మడుగు అయిపోయినట్టే.

మడుగు చివర, నీళ్లు జారి కిందికి పోయే పల్చటి చోట, తరచూ ఒక చిన్న చేప ఉంటుంది. అది బెదిరి పైకి పరిగెత్తిందా, మిగిలినవన్నీ రాళ్ల కిందికి దూరిపోతాయి. అందుకే ముందు దాని దగ్గరే వేయండి. తర్వాత నురగ అంచు, ఆ తర్వాత జలపాతం పడే గుండం పక్కలు. మొత్తం లైన్ నీటి మీద పరిచేయకుండా రాడ్ ఎత్తి పట్టుకుంటే ఫ్లైని ప్రవాహం అడ్డంగా ఈడ్చదు. ఈడ్చిన ఫ్లైని ఏ చేపా నమ్మదు, నిజమైన పురుగు అలా పోదు కాబట్టి.

ఏ ఫ్లై వాడాలి?

ఈ ఏళ్లలో ఆకలి ఎక్కువ, మెనూ తక్కువ. చేపకు ఆలోచించుకునే తీరిక లేదు. గాలం సైజు పద్నాలుగు, పదహారు నంబర్లలో ప్యారాషూట్ ఆడమ్స్, ఎల్క్ హెయిర్ కాడిస్ అనే ఫ్లైలు ఉంటే చాలావరకు సరిపోతుంది. పసుపు రెక్కల మిస్టర్ రాపిడాన్ అనే ఫ్లై ఈ ఏళ్ల కోసమే పుట్టింది. వర్జీనియాలోనే ఎడిన్‌బర్గ్ అనే ఊళ్లో ఫార్మసిస్టుగా పనిచేసిన హ్యారీ ముర్రే దాన్ని తయారుచేశాడు. నీడలో కూడా కంటికి ఆనుతుంది. వేసవిలో నల్ల చీమ, పేడపురుగు లాంటి బొమ్మలు.

నీటిలో వేయకముందే గాలం మొన పక్కనుండే ఎదురు ముల్లుని ఫోర్సెప్స్‌తో నొక్కేయండి. చేపకూ మంచిది, మీ వేలికీ మంచిది.

ఏ నెలలో వెళ్లాలి?

మార్చి చివర నుంచి మే దాకా. నీళ్లు 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికి వచ్చాక క్విల్ గోర్డన్ అనే మేఫ్లైలు (ఏట్లోంచి పుట్టే నిజమైన రెక్కల పురుగులు) పైకి రావడం మొదలవుతుంది, చలికాలమంతా పస్తులున్న చేపలు తలలెత్తుతాయి. మేలో లేత పసుపు స్టోన్‌ఫ్లై పురుగులు. అప్పటికి అడవి పచ్చబడి, దారి పక్కన ట్రిలియం పూలుంటాయి.

జూలై, ఆగస్టుల్లో థర్మామీటరు పట్టుకెళ్లండి. నీళ్లు 65 దాటితే రాడ్ మడిచేసి హైకింగ్ చేసుకోండి. 68 దాటాక చేపకు ఊపిరి కష్టం, పట్టి వదిలినా బతక్కపోవచ్చు. అక్టోబరు, నవంబరుల్లో గుడ్లు పెడతాయి. ఏటి అడుగున ఒక్కచోట మాత్రం గులకరాళ్లు తోమినట్టు తెల్లగా కనిపిస్తే అది గూడు. దాని మీద అడుగు వేయొద్దు. ఆ రెండు నెలలూ నేను రాడ్ తీసుకెళ్లను.

పాములు, ఎలుగుబంట్లు ఉంటాయటగా?

ఉంటాయి. విషపాములు రెండే రకాలు, ర్యాటిల్‌స్నేక్, కాపర్‌హెడ్. బండ ఎక్కేటప్పుడు కనపడని చోట చెయ్యి పెట్టకండి, అంతే. నల్ల ఎలుగుబంటి మీ చప్పుడు వింటే అదే తప్పుకుంటుంది. నిజంగా భయపడాల్సింది టిక్స్‌కి. మన పశువులకు పట్టే పిడుదుల జాతే, లైమ్ జబ్బు తెస్తాయి. ఇంటికొచ్చాక ఒళ్లంతా వెతుక్కోండి, పిల్లల చెవుల వెనక కూడా.

ఈ చేపలు ఎన్నాళ్లుంటాయి?

మనుషులు పెట్టిన కష్టాలు చాలానే దాటాయి. పడమట బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగ దశాబ్దాల పాటు ఇక్కడ ఆమ్లవర్షంగా కురిసింది. బసాల్టు రాతి మీద పారే ఏళ్లు ఆ ఆమ్లాన్ని తట్టుకున్నాయి, ఇసుకరాయి, క్వార్ట్‌జైట్ మీద పారేవి తట్టుకోలేకపోయాయి. ఒకే పార్కులో రెండు లోయల మధ్య చేపల సంఖ్యలో అంత తేడా ఉండటానికి కాళ్ల కింది రాయే కారణం. వర్జీనియా విశ్వవిద్యాలయం వారు 1979 నుంచి ఈ నీళ్లను పరీక్షిస్తూనే ఉన్నారు. 1990 నాటి వాయు కాలుష్య చట్ట సవరణల తర్వాత వానలో ఆమ్లం బాగా తగ్గింది, నేల కోలుకోవడం మాత్రం నిదానం.

1995 జూన్ 27న మాడిసన్ కౌంటీలో కొన్నిచోట్ల ఒక్క రోజులోపే 25 అంగుళాలు దాటి వాన పడింది. వందల చోట్ల కొండచరియలు విరిగాయి, స్టాంటన్ నది దిగువ భాగం రాళ్లదిబ్బ అయిపోయింది. పైభాగంలో మిగిలిన చేపలే కొన్నేళ్లలో మళ్లీ దిగువంతా నిండాయి.

ఇప్పుడున్న దిగులు వేడి. ఆసియా నుంచి వచ్చిన అడెల్జిడ్ అనే తెల్ల పురుగు పెద్ద హెమ్లాక్ చెట్లను చంపేసింది, వాటితోపాటు ఏటి మీది నీడా పోయింది. పైకి, ఇంకా చల్లటి నీటికి జరుగుదామంటే కొండకు ఒక శిఖరం ఉంది, దాని పైన ఏరు లేదు.

ఇండియాలో ఇది కుదురుతుందా?

మన రెండు రాష్ట్రాల్లో కుదరదు. లంబసింగిలో చలికాలం ఎంత వణికినా, ఏప్రిల్ కల్లా వాగు నీళ్లు ట్రౌట్ తట్టుకోలేనంత వేడెక్కుతాయి. కశ్మీరుకు బ్రిటిష్ వాళ్లు 1900 ప్రాంతంలో స్కాట్లాండ్ నుంచి బ్రౌన్ ట్రౌట్ గుడ్లు తెప్పించారు, అక్కడ అవి స్థిరపడ్డాయి. హిమాచల్‌లో తీర్థన్ లోయ, దక్షిణాన నీలగిరులు, మున్నార్ కొండలు కూడా ఉన్నాయి. సెలవుల్లో వెళ్లేవాళ్లకి తీర్థన్ చెప్తాను. మత్స్యశాఖ పర్మిట్ తీసుకోవాలి, చలికాలంలో మూసేస్తారు.

ఒక్కడినే వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, నేను వెళ్తాను కూడా. ఏ ట్రైల్‌హెడ్ దగ్గర కారు పెడుతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి. రాళ్ల మీది నాచు పాములకంటే ప్రమాదం, తడి బండ మీంచి బండకు గెంతకండి. ముందురోజు పెద్ద వాన పడితే ప్రయాణం వాయిదా వేయండి. పులిహోర కట్టుకోండి, చెయ్యి కడుక్కోవడానికి నీళ్లకు కరువుండదు. కారు తాళం జిప్ ఉన్న జేబులోనే పెట్టండి.